డబ్బా డప్పు, సీసాల జలతరంగం – చిన్నపిల్లలతో వాద్యాల తయారీ



మన హాస్టల్‌లో ఆదివారం ఎలా గడుస్తుందో మనందరికీ తెలుసు. పెద్ద తరగతుల వాళ్ళు క్రికెట్‌కు పోతారు. కొందరు బోరింగు దగ్గర బట్టలు ఉతుక్కుంటారు. మూడు, నాలుగు, అయిదు తరగతుల పిల్లలు మాత్రం గేటు దగ్గర కూర్చుని వచ్చే ప్రతి బస్సునూ చూస్తుంటారు, అమ్మ దిగుతుందేమోనని. మేమూ అలా చూసినవాళ్ళమే.

మేము నలుగురం ఈ హాస్టల్‌లోనే ఉండి పదో తరగతి పాసై, ఇప్పుడు పీజీ చదువుతున్నాం. మా నలుగురి ఇళ్ళలోనూ మాకంటే ముందు డిగ్రీ చదివినవారు లేరు. హాస్టల్‌కు మా వంతుగా ఏమైనా చేయాలనుకున్నప్పుడు మా దగ్గర డబ్బు లేదు, ఆదివారాలు ఉన్నాయి. అందుకని గత నవంబరులో వార్డెన్ సార్ అనుమతితో వరుసగా నాలుగు ఆదివారాలు వచ్చి, చిన్న పిల్లలతో పారేసిన వస్తువులతోనే వాద్యాలు చేయించాం. ఆ నాలుగు వారాల్లో పిల్లలకు మేము నేర్పినది, పిల్లల దగ్గర మేము నేర్చుకున్నది ఈ వ్యాసంలో రాస్తున్నాం. ఇది చదివి వచ్చే సంవత్సరం తొమ్మిదో తరగతి తమ్ముళ్ళు మేము లేకుండానే ఈ పని చేయించగలగాలని మా కోరిక.

ధ్వని ఎలా పుడుతుంది?

వాద్యం చేసే ముందు ఈ ఒక్క మాట పిల్లలకు అర్థం కావాలి. వస్తువు కంపిస్తే ధ్వని పుడుతుంది. కంపించడమంటే వణకడం. దీన్ని చెప్పడం కంటే చూపించడం మేలు.

గొంతు మీద వేళ్ళు పెట్టుకుని "ఆ" అనమనండి. వేళ్ళకు వణుకు తెలుస్తుంది. ఒక ప్లాస్టిక్ స్కేలును బల్ల అంచున సగం బయటికి ఉంచి, లోపలి సగాన్ని గట్టిగా అదిమిపట్టి, బయటి కొసను మీటమనండి. బయట ఉన్న భాగం పొడవుగా ఉంటే మోటుగా, పొట్టిగా ఉంటే సన్నగా వినిపిస్తుంది. పొట్టి ముక్క త్వరత్వరగా వణుకుతుంది, పొడుగు ముక్క నెమ్మదిగా వణుకుతుంది. సెకనుకు ఎన్నిసార్లు వణికితే అన్ని హెర్ట్జ్ అంటాం. మనిషి చెవికి సుమారు 20 నుండి 20,000 హెర్ట్జ్ వరకు వినిపిస్తుంది. రాత్రిపూట మనల్ని నిద్రపోనివ్వని దోమ పాట కూడా అదే. దాని రెక్కలు సెకనుకు కొన్ని వందల సార్లు కొట్టుకుంటాయి. ఈ ఉదాహరణ చెప్పగానే పిల్లలందరికీ విషయం ఒక్కసారిగా అర్థమైంది. మన హాస్టల్‌లో దోమ తెలియనివారెవరు?

మన పెద్దలు వాద్యాలను నాలుగు రకాలుగా విభజించారు. భరతుని నాట్యశాస్త్రంలోనే ఈ విభజన ఉంది. తీగలు మీటి వాయించేవి తత వాద్యాలు (వీణ, కిన్నెర). గాలి ఊదేవి సుషిర వాద్యాలు (వేణువు, సన్నాయి). తోలు బిగించినవి అవనద్ధ వాద్యాలు (మృదంగం, డప్పు). గట్టి వస్తువులను ఒకదానితో ఒకటి తాకించేవి ఘన వాద్యాలు (తాళాలు, చిడతలు). మేము వారానికో రకం చొప్పున నాలుగు వారాలకు నాలుగు రకాలు పెట్టుకున్నాం.

మొదటి వారం: గలగల డబ్బా, మూతల చిడతలు

తేలికైన వాటితో మొదలుపెట్టాలి. మొదటి రోజే ప్రతి పిల్లవాడి చేతిలో మోగే వస్తువు ఉండాలి, లేకపోతే రెండో వారం రారు.

గలగల డబ్బాకు కావలసినవి: మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బా లేదా నీళ్ళ సీసా, గుప్పెడు గింజలు. ఒకరికి బియ్యం, ఒకరికి కందులు, ఒకరికి చింతగింజలు, ఒకరికి సన్న ఇసుక ఇవ్వండి. అందరి సీసాలూ ఒకే రకానివైనా శబ్దం వేరువేరుగా ఉంటుంది. కళ్ళు మూసుకుని "ఇందులో ఏముంది?" అని చెప్పే ఆట ఆడించండి. మూతను టేపుతో గట్టిగా చుట్టడం మరవకూడదు.

చిడతలకు కావలసినవి: సోడా సీసాల రేకు మూతలు, జానెడు కర్ర ముక్క, మేకులు. మూతలకు మధ్యలో రంధ్రం చేసి, రెండేసి మూతలను ఒక మేకుకు వదులుగా దూర్చి కర్రకు కొట్టాలి. మేకు బిగుసుకుంటే మోగదు. మూతలు అటూ ఇటూ ఆడాలి. రంధ్రం చేయడం, మేకు కొట్టడం పెద్దవాళ్ళ పని. మూతల అంచులు కోసుకోకుండా రాయితో నలగ్గొట్టి ఇవ్వాలి.

రెండో వారం: సీసాల జలతరంగం, పైపుల వేణువు

పిల్లలు అన్నిటికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది ఈ వారమే.

ఒకే రకం గాజు సీసాలు అయిదు తీసుకోండి. ఒకదాంట్లో నీళ్ళు పోయకుండా, మిగతా వాటిలో కొంచెం కొంచెం పెంచుతూ పోయండి. చెంచాతో మెల్లగా కొట్టమనండి. నీళ్ళు ఎక్కువ ఉన్న సీసా మోటుగా మోగుతుంది, ఖాళీ సీసా సన్నగా మోగుతుంది. ఇప్పుడు అవే సీసాల మూతి అంచున పెదవి ఆనించి అడ్డంగా ఊదమనండి. ఈసారి తిరగబడుతుంది! నీళ్ళు ఎక్కువ ఉన్న సీసా సన్నగానూ, ఖాళీ సీసా మోటుగానూ పలుకుతాయి.

ఎందుకు? వెంటనే జవాబు చెప్పకండి. మేము చెప్పకుండా ఆగితే, నాలుగో తరగతి పిల్లవాడొకడు కాసేపు రెండు రకాలుగానూ చేసి చూసి, "అన్నా, కొడితే సీస వణుకుతది, ఊదితే లోపలి గాలి వణుకుతది" అన్నాడు. అదే సరైన జవాబు. కొట్టినప్పుడు గాజు, నీళ్ళు కలిసి కంపిస్తాయి. నీళ్ళు పెరిగితే బరువు పెరిగి కంపనం నెమ్మదిస్తుంది. ఊదినప్పుడు నీళ్ళ పైనున్న గాలి కంపిస్తుంది. నీళ్ళు పెరిగితే గాలికి చోటు తగ్గి కంపనం వేగమవుతుంది. ఈ విషయాన్ని మేము ఇంటర్‌లో బట్టీపట్టాం. ఆ పిల్లవాడు రెండు సీసాలతో పట్టుకున్నాడు.

ఇక పైపుల వేణువు. ఇళ్ళల్లో కరెంటు వైరింగుకు వాడే సన్న ప్లాస్టిక్ పైపు ముక్కలు కట్టడాల దగ్గర పడి ఉంటాయి. మేస్త్రీని అడిగితే ఇస్తారు. వాటిని ఈ కొలతల ప్రకారం రంపంతో కోయాలి:

స – 16 సెం.మీ.
రి – 14.2 సెం.మీ.
గ – 12.8 సెం.మీ.
మ – 12 సెం.మీ.
ప – 10.7 సెం.మీ.
ద – 9.6 సెం.మీ.
ని – 8.5 సెం.మీ.
పై స – 8 సెం.మీ.

ఈ అంకెలు ఎక్కడివని పెద్ద తరగతుల వాళ్ళు అడుగుతారు. పై స్థాయి 'స' కంపనం కింది 'స' కు సరిగ్గా రెండు రెట్లు. కనుక పైపు పొడవు సగం. 'ప' కంపనం ఒకటిన్నర రెట్లు, కనుక పొడవు మూడింట రెండు వంతులు. 'మ' కు నాలుగింట మూడు వంతులు, 'గ' కు అయిదింట నాలుగు వంతులు. ఆరో తరగతి భిన్నాలే ఇవి. భిన్నాలంటే భయపడే తమ్ముళ్ళు ఒకసారి పైపులు కోసి చూడాలి.

ప్రతి పైపు అడుగు భాగాన్ని తడి బంకమట్టితో మూయండి. పై అంచున సీసాను ఊదినట్లే అడ్డంగా ఊదాలి. శ్రుతి కొంచెం తక్కువైతే మట్టిని పుల్లతో లోపలికి నెట్టండి, గాలి చోటు తగ్గి శ్రుతి పెరుగుతుంది. ఎక్కువైతే కొంచెం వెనక్కి లాగండి. కొలత దగ్గరి వరకు తీసుకుపోతుంది, ఆ తర్వాత చెవినే నమ్మాలి. ఎనిమిది పైపులనూ వరుసగా పేర్చి రెండు అట్టముక్కల మధ్య టేపుతో చుడితే వేణువు తయారు. మొదట్లో ఎవరికీ పలకదు. పది నిమిషాలకు ఒకరికి పలికితే, మిగతావాళ్ళు వాడిని చూసి నేర్చుకుంటారు.

మూడో వారం: డబ్బా డప్పు

కావలసినవి: రెండు వైపులా మూతలు తీసేసిన పాత పాల పొడి డబ్బా, పెద్ద బెలూన్, రబ్బరు బ్యాండ్లు, రెండు పుల్లలు. బెలూన్ మెడ కత్తిరించి, మిగిలిన రబ్బరును డబ్బా మూతి మీద సాగదీసి రబ్బరు బ్యాండ్లు వేయాలి. ఒకరు పట్టుకోవాలి, ఒకరు బ్యాండు వేయాలి. ఇద్దరు కలిస్తేనే అయ్యే పని. దాని మీద పది బియ్యపు గింజలు వేసి, పక్కనే గట్టిగా "హో" అని అరవమనండి. ఎవరూ తాకకుండానే గింజలు ఎగురుతాయి. మన చెవిలోని కర్ణభేరి కూడా ఇలాగే కంపిస్తుందని చెప్పండి. రబ్బరును ఎక్కువ లాగి కడితే సన్నగా, వదులుగా కడితే మోటుగా మోగుతుంది. బిగుతు పెరిగితే శ్రుతి పెరుగుతుంది. ఇదీ పాఠం.

ఇంతవరకు బాగానే జరిగింది. తర్వాత మేము ఒక తప్పు చేశాం. అది కూడా రాయాలి.

పాఠాన్ని మన ఊళ్ళకు కలపాలని, "డప్పు కొట్టేముందు మంట దగ్గర ఎందుకు కాస్తారు?" అని అందరినీ అడిగాం. ఎవరూ పలకలేదు. నాలుగో తరగతి పిల్లవాడొకడు తల దించుకున్నాడు. పక్కనున్నవాడు, "అన్నా, ఈని నాయిన డప్పు కొడ్తడు, ఈన్ని అడుగుండ్రి" అన్నాడు. నలుగురు నవ్వారు. ఆ పిల్లవాడు చేతిలోని డబ్బా కింద పెట్టి గదిలోకి వెళ్ళిపోయాడు. ఆ రోజు మళ్ళీ రాలేదు.

ఆ నవ్వు మాకు కొత్త కాదు. మాలో ఇద్దరి నాన్నలు డప్పు కొట్టినవారే. ఏడో తరగతిలో ఒక దరఖాస్తులో 'తండ్రి వృత్తి' అన్నచోట ఆ ఇద్దరమూ 'కూలి' అని రాశాం. ఒకరు రాసింది ఒకరికి తెలియదు. పీజీలో చేరాక ఒక రాత్రి మాటల్లో బయటపడింది. అంతా తెలిసిన మేమే నలుగురి మధ్యలో ఆ ప్రశ్న అడిగి ఒక చిన్నవాడిని అక్కడ నిలబెట్టాం.

నాలుగో వారం: కిన్నెర, ఒక తండ్రి

నాలుగో ఆదివారం తీగల వాద్యం. ఖాళీ చెప్పుల అట్టపెట్టెకు లావు, సన్నం రబ్బరు బ్యాండ్లు నాలుగు అడ్డంగా వేసి, కింద పెన్సిల్ దూర్చితే చాలు. ముందు రబ్బరు బ్యాండును రెండు వేళ్ళ మధ్య సాగదీసి మీటమనండి, సరిగ్గా వినపడదు. అదే పెట్టెకు కడితే గది అంతా వినిపిస్తుంది. పెట్టె, అందులోని గాలి కలిసి కంపించి శబ్దాన్ని పెంచుతాయి. కిన్నెరకు సొరకాయ బుర్రలు కట్టేది అందుకే. మన నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. అదే సంవత్సరం వచ్చిన 'భీమ్లా నాయక్' సినిమా పాట మొదట్లో వినిపించే గొంతు ఆయనదేనని చెప్పగానే పిల్లలు అట్టపెట్టెలను భుజానికి ఆనించుకున్నారు.

అప్పుడే ఆ పిల్లవాడి తండ్రి వచ్చాడు. కొడుకు వార్డెన్ సార్ ఫోన్‌లో జరిగింది చెప్పాడట. మమ్మల్ని పక్కకు పిలిచి ఇలా అన్నాడు: "సారూ, నేను కొట్టింది చాలు. నా కొడుకు చేతుల పెన్ను ఉండాల్నని ఈడికి తోలిన. మీరు మల్ల గదే వాని చేతుల వెడ్తున్నరా?"

మాకు నోట మాట రాలేదు. ఆయన అన్నదాంట్లో న్యాయం ఉంది. మన తాతలకు డప్పు ఇష్టపడి వాయించిన వాద్యం మాత్రమే కాదు. ఊళ్ళో ఎవరు చనిపోయినా, ఏ చాటింపు ఉన్నా పిలిస్తే పోవాల్సిందే. రానని అనే హక్కు లేదు, ఇచ్చినంత తీసుకోవాలి. అందుకే ఆత్మగౌరవం కోసం డప్పును వదిలేసిన పెద్దలున్నారు. అదే ఆత్మగౌరవం కోసం డప్పును సభల్లో, ఉద్యమాల్లో ఎత్తి మోగించిన పెద్దలూ ఉన్నారు. 1994లో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం తన పేరునే ఆ చాటింపు నుండి తీసుకుంది. ఈ రెండు దారుల్లో నడిచినవారినీ మనం తప్పు పట్టలేం.

"అన్నా, డప్పు కొట్టడం నేర్పట్లేదు, సైన్సు చెప్తున్నాం, ఒక్కసారి లోపలికి వచ్చి చూడండి" అన్నాం. ఆయన వచ్చి గోడ పక్కన కూర్చున్నాడు. కాసేపటికి ఒక డబ్బా డప్పు చేతిలోకి తీసుకుని గోటితో తట్టి, "ఒకదిక్కు గుంజింది, ఒకదిక్కు వదులుంది. గిట్లయితె సప్పుడు పగుల్తది" అని, రబ్బరును అన్ని వైపులా సమానంగా లాగి కట్టి ఇచ్చాడు. అందరి డబ్బాలకంటే అది స్పష్టంగా మోగింది. పిల్లలంతా తమ డబ్బాలు పట్టుకుని ఆయన చుట్టూ చేరారు.

తర్వాత ఆయనే చెప్పాడు. చలికి, వానకు తోలు తేమ పట్టి సాగుతుంది, మొద్దు శబ్దం వస్తుంది. గడ్డి మంట మీద కాస్తే తేమ పోయి తోలు బిగుస్తుంది, శబ్దం ఖంగుమంటుంది. ఎక్కువ కాస్తే తోలు చెడిపోతుంది. ఎంత కాయాలో గడియారం చూసి కాదు, తట్టి విని తెలుసుకోవాలి. లావుపాటి సిర్రతో ఒక రకం దెబ్బ, సన్నటి చిటికెన పుల్లతో ఒక రకం దెబ్బ. పెళ్ళికి, చావుకు, జాతరకు దరువు వేరువేరు. మేము పుస్తకంలో చదివిన 'బిగుతు – శ్రుతి' పాఠం ఆయన చేతుల్లో ఎప్పటి నుండో ఉంది.

ఆయన చెబుతున్నంతసేపు ఆ పిల్లవాడు గుమ్మం దగ్గర నిలబడి విన్నాడు. చివరికి మేము ఎవరినీ పేరు పెట్టి పిలవకుండా, "ఈ మాట బోర్డు మీద ఎవరు రాస్తారు?" అన్నాం. వాడే వచ్చి రాశాడు: "తేమ పోతే తోలు బిగుస్తుంది. బిగిస్తే శ్రుతి పెరుగుతుంది." తండ్రికి చదవడం రాదు. "ఏం రాసినవ్ బిడ్డా, చదువు" అన్నాడు. వాడు చదివాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

పోయేటప్పుడు ఆయన మాతో అన్న మాట ఇది: "పాఠంగ అయితె సరే సారూ. పనిగ మాత్రం వద్దు." మేము సరేనన్నాం. ఈ నాలుగు వారాల సారం ఆ మాటలోనే ఉందని మా అభిప్రాయం. మన ఇళ్ళల్లోని పని మన పిల్లల మెడకు పడకూడదు. కానీ ఆ పనిలో ఉన్న తెలివి మాత్రం పోకూడదు. దాని పేరు చెప్పడానికి పిల్లవాడు తల దించుకోకూడదు.

చేయించేవారికి కొన్ని జాగ్రత్తలు

1. రంపం, మేకులు, బ్లేడు పెద్దవాళ్ళ చేతుల్లోనే ఉండాలి. డబ్బా అంచులకు టేపు చుట్టిన తర్వాతే పిల్లలకు ఇవ్వాలి.
2. చిన్న గింజలు, బెలూన్ ముక్కలు నోట్లో పెట్టుకుంటే గొంతుకు అడ్డం పడతాయి. పని కాగానే లెక్కపెట్టి ఏరివేయాలి.
3. ఊదే వాద్యాలు ఎవరివి వారివే. వాటి మీద పేర్లు రాయించాలి. పైపులను ముందుగా సబ్బు నీళ్ళతో కడిగి ఆరబెట్టాలి. జలుబు ఉన్నవారికి ఆ రోజు కొట్టే వాద్యం ఇవ్వాలి.
4. చెవి దగ్గర పెట్టి మోగించనివ్వకూడదు. అందరూ ఒకేసారి మోగిస్తే తల నొప్పి తప్పదు. చెయ్యి ఎత్తితే ఆపాలనే నియమం మొదటి రోజే పెట్టండి.
5. చెడిపోయిన వాద్యాన్ని మీరు బాగుచేసి ఇవ్వకండి. ఎందుకు మోగడం లేదో వాళ్ళనే వెతకనివ్వండి.
6. ఎవరి ఇంటి పనినీ నలుగురిలో అడగకండి. చెప్పాలనిపిస్తే వాళ్ళే చెబుతారు. ఈ జాగ్రత్త మేము తప్పు చేసి నేర్చుకున్నది.

ముగింపు

బెలూన్లు, టేపు, రబ్బరు బ్యాండ్లు, మేకులు తప్ప మేము ఏమీ కొనలేదు. మిగతావన్నీ వంటగది వెనుక, రోడ్డు పక్కన దొరికినవే. పిల్లలు చేసిన వాద్యాలను ఒక పెట్టెలో పెట్టి స్టడీ హాల్‌లో ఉంచాం. వార్డెన్ సార్ ఆదివారం పది గంటలకు ఆ పెట్టె తెరవడానికి ఒప్పుకున్నారు. తొమ్మిదో తరగతి తమ్ముళ్ళలో ఇద్దరు దాని బాధ్యత తీసుకోవాలని కోరుతున్నాం. పూర్వ విద్యార్థి మిత్రులారా! మీలో వడ్రంగం, చెప్పులు కుట్టడం, బుట్టలు అల్లడం, సన్నాయి వాయించడం తెలిసిన తండ్రులు, మేనమామలు ఉన్నవారు ఒక్క ఆదివారం వారిని వెంటబెట్టుకుని రండి. వారికి కుర్చీ వేసి, వారు చెప్పేది బోర్డు మీద రాసుకునే పిల్లలు ఇక్కడ ఉన్నారు.

గేటు దగ్గర కూర్చునే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. అమ్మ కోసం ఎదురుచూడటం ఏ వాద్యమూ ఆపలేదు. కానీ పోయిన ఆదివారం మేము వచ్చేసరికి, అక్కడ కూర్చున్న ఇద్దరి చేతుల్లో పైపుల వేణువులు ఉన్నాయి. ఒకడు 'స' ఊదితే, మరొకడు 'ప' వెతుక్కుంటున్నాడు.